మాటల్లేని పుస్తకం రివ్యూ: నాలుగు రంగులు, ఒక అట్ట, కృప కాస్తా జీతమైపోయే చోట్లు

అరచేతిలో ఇమిడే పుస్తకం. లోపల బంగారు రంగు, నలుపు, ఎరుపు, తెలుపు. బయట ఆకుపచ్చ అట్ట. ఎక్కడా ఒక్క అక్షరం ఉండదు. క్రైస్తవ సువార్తను రంగులతో చెప్పడానికి ఇది: బంగారం దేవుడి ప్రేమకూ పరలోకానికీ గుర్తు, నలుపు పాపానికి, ఎరుపు యేసు రక్తానికి, తెలుపు కడగబడటానికి, ఆకుపచ్చ ఎదుగుదలకు. సండే స్కూలు టీచర్లు, వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిలు తరగతులు) నడిపేవాళ్లు దీన్ని మాటల్లేని పుస్తకం అంటారు, కొందరు రంగుల పుస్తకం అంటారు. చదవడం రానివాళ్లకు పనికొస్తుంది. భాష మారినా మళ్లీ అచ్చు వేయనక్కర్లేదు. పది నిమిషాల్లో అయిపోతుంది. వస్తువుగా దీనికి పెట్టే వంకలు చిన్నవే. అసలు తంటా అంతా చెప్పే తీరులో వస్తుంది. అచ్చు పుస్తకమైతే చెప్పేవాళ్లు దారి తప్పినా పక్కనున్న వాక్యం కనబడి సర్దుకుంటారు. ఇందులో "అక్కడ ఆగు" అనడానికి ఒక్క మాటా లేదు. కాబట్టి దీన్ని ఒకే కొలతతో చూడాలి: దేవుడు కృపతో, అంటే అర్హత చూడకుండా, ఉచితంగా ఇచ్చిన రక్షణ వినేవాళ్ల దాకా ఉచితంగానే చేరుతోందా, పేజీలు తిప్పేలోపు పని చేసి సంపాదించుకునే జీతంగా మారిపోతోందా?

దీని పుట్టుక అనగానే ఇంగ్లండు బోధకుడు స్పర్జన్ పేరు చెబుతారు. 1866 జనవరి 11న లండన్ మెట్రోపాలిటన్ టాబర్నకిల్‌లో ఆయన 51వ కీర్తన 7వ వచనం మీద ప్రసంగిస్తూ ఈ పుస్తకం సంగతి ఎత్తాడు. అయితే తానే కనిపెట్టానని అనలేదు. ఒక ముసలి బోధకుడు తరచూ తీసి చూసుకునే మూడాకుల పుస్తకం అని చెప్పాడు. నలుపు, ఎరుపు, తెలుపు, అంతే. అంటే అది మొదట పిల్లలకు చూపించడానికి చేసింది కాదు, ఒక పెద్దాయన తన కోసం తాను చూసుకున్నది. ఈ సంగతి చాలామంది పట్టించుకోరు గానీ ముఖ్యమైనది: నలుపు పేజీని ఆ ముసలి బోధకుడు తన వైపే తిప్పుకున్నాడు. 1875లో అమెరికా సువార్తికుడు డి.ఎల్. మూడీ దీనికి బంగారు రంగు చేర్చాడు, పరలోకానికి గుర్తుగా. ఆకుపచ్చ ఆ తర్వాత వచ్చి చేరింది. ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉన్న వరస పిల్లలకు సువార్త చెప్పడానికి 1937లో మొదలైన చైల్డ్ ఇవాంజెలిజం ఫెలోషిప్ అనే సంస్థ వాళ్ల ప్రతిలోది. అందులో బంగారం ముందుంటుంది, ఆకుపచ్చ అట్టగా ఉంటుంది. నలుపుతో మొదలై బంగారంతో ముగిసేవి కూడా దొరుకుతాయి.

కొనేముందు చూడాల్సింది ఈ వరసే. నలుపుతో మొదలైతే కథ మనిషి తప్పుతో మొదలవుతుంది. దేవుడు ఆ తర్వాతి పేజీలో, తప్పును సరిదిద్దడానికి పిలిపించినవాడిలా వస్తాడు. బంగారంతో మొదలైతే మనిషి ఇంకా ఏమీ చేయకముందే దేవుడు ప్రేమించి ఉన్నాడు. యోహాను 3:16లో మాటల వరస కూడా ఇదే. "దేవుడు లోకమును ఎంతో ప్రేమించెను" అన్న తర్వాతే నశించడం అనే మాట వస్తుంది. ద్వితీయోపదేశకాండం 7:7-8 ఇంకా నిక్కచ్చిగా ఉంటుంది: మీరు లెక్కకు ఎక్కువమంది అని యెహోవా మిమ్మల్ని ఏర్పరచుకోలేదు, నిజానికి అన్ని జనాలకన్నా మీరే తక్కువ, ఆయన మిమ్మల్ని ప్రేమించాడు కాబట్టి ఏర్పరచుకున్నాడు. ఎందుకు ప్రేమించావంటే ప్రేమించాను కాబట్టి అన్నట్టు. షరతుల్లేని ప్రేమ అనే మాట ఆ రూపంలో బైబిల్లో కనబడదు. ఉన్నది ఇలా గుండ్రంగా తిరిగి మళ్లీ ప్రేమ దగ్గరికే వచ్చే జవాబు.

బంగారు పేజీ ముందున్న ప్రతి కొన్నంత మాత్రాన పని అయిపోదు. ఆ పేజీ తెరవగానే చాలామంది ప్రకటన 21:21 దగ్గరికి పరుగెడతారు: పరలోకంలో వీధులు బంగారం, అక్కడ ఏడుపు లేదు, జబ్బులు లేవు, నీకు అక్కడికి వెళ్లాలని ఉందా? అడిగిన మరుక్షణం పరలోకం బహుమతి అయింది. మిగతా మూడు పేజీలూ ఆ బహుమతి గెలుచుకునే విధానం అయ్యాయి. పిల్లలు పోటీ అంటే ఇట్టే పట్టేస్తారు, ఇక దాన్ని వాళ్ల బుర్రలోంచి తీయడం కష్టం. ఈ పేజీ మీద మొదటి వాక్యానికి కర్త దేవుడై ఉండాలి. దేవుడు నిన్ను చేశాడు, దేవుడు నిన్ను ప్రేమిస్తున్నాడు, తన దగ్గర నీకు చోటు ఉంచాలనుకున్నాడు. బంగారు వీధులకు ఒక్క వాక్యం చాలు. పది నిమిషాల్లో మూడు నిమిషాలు ఈ పేజీకే ఇవ్వండి. చాలామంది ఇచ్చేది అర నిమిషం.

ఇక వస్తువు సంగతి. దొరికేవాటిలో రెండు రకాలున్నాయి. ఒకటి, పేజీకి ఒక రంగు చొప్పున ఉండేది: తెరిస్తే ఎడమవైపు బంగారం, కుడివైపు నలుపు. రెండోది, తెరిచినప్పుడు రెండు వైపులా ఒకే రంగు కనిపించేది. రెండోదే తీసుకోండి. మొదటి రకంలో రెండు ఇబ్బందులు. నలుపు గురించి చెబుతుండగా పక్కన బంగారం మెరుస్తూ ఉంటుంది, చూపు అటు లాగుతుంది. పైగా మూసి ఉన్నప్పుడు ఎరుపూ తెలుపూ ఒకదానికొకటి రాసుకుంటాయి. నాసిరకం రంగైతే సంచీలో పడి తిరిగే కొద్దీ తెల్ల పేజీ గులాబీ రంగుకు తిరుగుతుంది, దాని మీద నల్లటి వేలిముద్రలు కూడా. హిమముకంటె తెల్లగా అని చెబుతూ ఆ పేజీ ఎత్తి చూపిస్తే ఏం బాగుంటుంది? రెండో రకంలో ఎరుపు ఎరుపునే తాకుతుంది, తెలుపు తెలుపునే.

చేత్తో చేసుకుంటే ఇంకా మేలు. నాలుగు రంగుల కాగితాలు తీసుకుని ఒక్కోటి 20 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు కోయండి. రంగు లోపలికి వచ్చేలా మధ్యకు మడవండి. బంగారం కుడి సగం వెనకవైపును నలుపు ఎడమ సగం వెనకవైపుకు అంటించండి. అలాగే నలుపును ఎరుపుకు, ఎరుపును తెలుపుకు. ఆఖరున ఆకుపచ్చ అట్టను 20.5 సెంటీమీటర్లకు కోసి బయట చుట్టి, ముందు బంగారం వెనకవైపుకు, చివర తెలుపు వెనకవైపుకు అంటిస్తే పుస్తకం తయారు. ఆ అర సెంటీమీటరు వీపు మందం కోసం. అది వదలకపోతే పుస్తకం మూతపడదు, బంగారు పేజీ ముందుకు పొడుచుకొస్తుంది. కాగితం 120 జీఎస్ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని చెప్పే కొలత) సరిపోతుంది, తెలుపు మాత్రం 150కి తగ్గొద్దు. దాని వెనక అంటి ఉన్నది ఎర్ర కాగితం, పలచగా ఉంటే వెలుతురులో ఆ ఎరుపు ఇటు కనబడుతుంది. మరీ మందం కూడా వద్దు. 250 దాటిన కాగితం మడత దగ్గర చిట్లుతుంది, నల్ల పేజీ మధ్యలో తెల్ల గీత వస్తుంది. నీళ్ల జిగురు వాడితే ముడతలు పడుతుంది. గ్లూ స్టిక్ రాసి, బరువు కింద ఒక రాత్రి ఉంచండి. బంగారానికి తళతళలాడే రేకు కాగితం వద్దు. పైన దీపం ఉంటే వెనక వరసలో కూర్చున్నవాళ్లకు అది తెల్లగా కనిపిస్తుంది, అప్పుడు మీకు రెండు తెల్ల పేజీలు ఉన్నట్టే. మెరుపు లేని బంగారు రంగు, లేకపోతే ఆవపిండి పసుపు నయం.

రంగులు సరిగా గుర్తుపట్టలేని పిల్లలు గుంపులో ఉండొచ్చు, అది పైకి తెలియదు. ఎరుపు చూపు లోపం ఉన్నవాళ్లకు ఎరుపు బాగా ముదురుగా, దాదాపు నలుపులా కనిపిస్తుంది. ఈ పుస్తకానికి అది చిన్న లోపం కాదు. పాపం పేజీ, రక్తం పేజీ ఒకటే అయిపోతాయి. ఎర్ర పేజీ మధ్యలో అదే ఎర్ర కాగితంతో కత్తిరించిన సిలువను ఉబ్బెత్తుగా అంటిస్తే చేత్తో తడిమి కూడా తెలుసుకోవచ్చు. అచ్చు ప్రతుల్లో ఈ ఏర్పాటు అరుదు.

నలుపు పేజీ దగ్గర మొదటి జాగ్రత్త పేరు. నల్ల హృదయం, తెల్ల హృదయం అనే మాటలు వాడొద్దు. ఒంటి రంగును పాపంతో, శుభ్రతను తెల్లదనంతో ముడిపెట్టి వినే ప్రమాదం ఉంది, నల్లగా ఉన్న పిల్లకు ఆ మాట గుచ్చుకుంటుంది. చైల్డ్ ఇవాంజెలిజం ఫెలోషిప్ వాళ్లు కూడా చీకటి పేజీ, శుభ్రమైన పేజీ అనే అర్థం వచ్చే పేర్లే వాడతారు. తెలుగులో చీకటి పేజీ అంటే చక్కగా అతుకుతుంది. దేవుడు వెలుగై ఉన్నాడు, ఆయనలో చీకటి ఎంతమాత్రమూ లేదు అనే 1 యోహాను 1:5తో నేరుగా కలుస్తుంది.

రెండో జాగ్రత్త సమయం. ఈ పేజీకి రెండు నిమిషాలు మించొద్దు. పిల్లల చేత వాళ్ల పాపాల జాబితా చెప్పించడం, నరకం వర్ణించడం, ఏడిపించడం ఇక్కడ జరుగుతాయి. భయపడ్డ పిల్లాడు తర్వాత ఏం చెప్పినా ఒప్పుకుంటాడు, ఆ ఒప్పుకోలు విశ్వాసం కాదు. రోమా 3:23లో ఉన్న మాట "అందరును". పేజీని వాళ్లకు ఎదురుగా తిప్పి పట్టుకుంటే మీరు దాని వెనక దాక్కున్నట్టే. పక్కకు పట్టుకుని మీకూ వాళ్లకూ ఒకేలా కనబడనివ్వండి. చెప్పేవాళ్లూ ఆ పేజీలోనే ఉన్నారు.

ఈ పేజీ దగ్గరే తెలుగు మనకు ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. "అయ్యో పాపం" అని రోజుకు పదిసార్లు వినే పిల్లాడికి పాపం అంటే జాలి. "మనందరిలో పాపం ఉంది" అంటే వాడికి అర్థమయ్యేది ఏమిటో ఊహించుకోండి. తప్పు చేయడం, దేవుని మాట కాదని మన దారిన మనం పోవడం అని ఒకసారి విడమరచి చెప్పాకే పాపం అనే మాట వాడాలి. రక్షణ కూడా అంతే. విన్నవాళ్లకు మొదట స్ఫురించేది కాపలా, భద్రత. దేని నుంచి, ఎవరు, ఎలా అన్నది చెప్పకపోతే ఆ మాట గాల్లోనే ఉండిపోతుంది. అన్నిటికన్నా మోసం చేసే మాట వరం. ఎఫెసీ 2:8లో "దేవుని వరమే" అని ఉంది. తెలుగు చెవికి వరం అంటే తపస్సు చేసి మెప్పిస్తే వచ్చేది. ఒంటికాలి మీద నిలబడితే గానీ దొరకదు. ఆ లేఖ రాసిన పౌలు చెప్పదలచుకున్నదానికి అది సరిగ్గా తలకిందులు! అడగకముందే, అర్హత లేకుండానే, ఊరికే ఇచ్చిన బహుమానం అని విప్పి చెప్పకపోతే వచనం చదివి మరీ తప్పు నేర్పినట్టవుతుంది. ఉచితం అనే మాటకూ ఒక చిన్న సర్దుబాటు కావాలి. పుచ్చుకునేవాళ్లకు ఉచితం, ఇచ్చినవాడికి కాదు. ఆ ఖరీదు సంగతి ఎర్ర పేజీలో వస్తుంది.

ఎర్ర పేజీ ఈ పుస్తకానికి గుండెకాయ. మూడు నిమిషాలు దీనికి. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు: తండ్రి కోపంతో కొట్టబోతే కొడుకు అడ్డం వచ్చాడు అన్నట్టు చెప్పడం. వినడానికి నాటకీయంగా ఉంటుంది గానీ, బంగారు పేజీలో ప్రేమించిన దేవుడే రెండు పేజీలు తిప్పేసరికి ప్రతినాయకుడైపోతాడు. రోమా 5:8 ప్రకారం సిలువ దగ్గర వెల్లడైంది దేవుడు మనయెడల చూపిన తన ప్రేమ. కొడుకు చనిపోవడం తండ్రి మనసు మార్చడానికి కాదు, తండ్రి మనసులో ఉన్నదే అక్కడ బయటపడింది. 2 కొరింథీ 5:19 కూడా దేవుడు క్రీస్తునందు లోకాన్ని తనతో సమాధానపరచుకున్నాడనే అంటుంది. "మనమింకను పాపులమై యుండగానే" అన్న మాటను నెమ్మదిగా, రెండుసార్లు చదవండి. మారాక కాదు, మారతామని మాట ఇచ్చాక కూడా కాదు.

ఈ పేజీలో ఒక లోటు ఉంది, అది పుస్తకం తయారీలోనే ఉంది: పునరుత్థానానికి పేజీ లేదు. ఎరుపు రక్తం, ఆ వెంటనే తెలుపు. 1 కొరింథీ 15:3-4లో సువార్త అంటే క్రీస్తు మన పాపాల కోసం చనిపోయాడు, పాతిపెట్టబడ్డాడు, మూడో రోజున లేచాడు అని మూడు మెట్లుగా ఉంది. పుస్తకం మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. పేజీ తిప్పే ముందు "మూడో రోజున లేచాడు, ఇప్పుడు బతికే ఉన్నాడు" అని తప్పకుండా చెప్పాలి. అలవాటు కావాలంటే ఎర్ర పేజీని మూసినట్టే మూసి, ఒక క్షణం ఆగి, మళ్లీ తెరవండి. ఈ విషయంలో మడతలు విప్పుతూ చూపించే బొమ్మల ఘనం, ఇవాంజిక్యూబ్, మెరుగు. అందులో సమాధి, ఖాళీ అయిన సమాధి బొమ్మలుగా ఉన్నాయి కాబట్టి దాటేసి పోలేరు.

తెల్ల పేజీ చూడటానికి తేలిక, చెప్పడానికి అన్నిటికన్నా కష్టం. కడగడం అనే బొమ్మ మంచిదే. యెషయా 1:18లో రక్తంలా ఎర్రనైనవి హిమంలా తెల్లబడతాయని ఉంది. కానీ అంతటితో ఆపితే పిల్లాడి చేతికి ఒక ఖాళీ తెల్లకాగితం ఇచ్చి, "ఇక దీన్ని మురికి చేయకు" అన్నట్టవుతుంది. వాడు సాయంత్రానికల్లా మురికి చేస్తాడు. మళ్లీ చీకటి పేజీలోకి వెళ్లిపోయానని లోలోపల కుములుతాడు. రోమా 4వ అధ్యాయంలో పదేపదే వచ్చే "ఎంచబడెను" అనేది లెక్కల్లో వాడే మాట. అప్పు కొట్టివేసి ఖాతాను సున్నా దగ్గర వదిలేయలేదు, క్రీస్తు నీతిని మన పేరున జమ వేశారు. 2 కొరింథీ 5:21లో ఉన్నది ఈ మార్పిడే: పాపం ఎరుగని ఆయనను మన కోసం పాపంగా చేశాడు, మనం ఆయనలో దేవుని నీతి అయ్యేందుకు. కాబట్టి తెలుపు ఖాళీ కాదు, అది తొడిగిన వస్త్రం. పడితే ఏం చేయాలన్నదానికి 1 యోహాను 1:9 ఉంది. ఒప్పుకుంటే క్షమించడానికి ఆయన నమ్మదగినవాడు. దొరికిన రక్షణ పోతుందా పోదా అన్నదాని మీద సంఘాల మధ్య తేడాలున్నాయి. పది నిమిషాల పుస్తకంతో ఆ చర్చ తేలదు, దీన్ని పిల్లల్ని బెదిరించే కర్రగా మాత్రం వాడొద్దు.

ఈ పేజీ దగ్గరే చేతులెత్తించడం జరుగుతుంది. "యేసును హృదయంలోకి చేర్చుకునేవాళ్లు చెయ్యెత్తండి, నా వెనక ఈ ప్రార్థన చెప్పండి, అంతే, మీకు రక్షణ వచ్చేసింది." లెక్క రాసుకోవడానికి బాగుంటుంది. జరిగిందేమిటంటే, క్రియల వలన కాదు అని ఇప్పుడే చెప్పి, ఒక చిన్న క్రియను చేతిలో పెట్టారు. ప్రార్థన సరిగ్గా చెప్పానో లేదో అనే అనుమానంతో ప్రతి వీబీఎస్‌లో మళ్లీ చెయ్యెత్తే పిల్లలు ఇందుకే తయారవుతారు. లూకా 15లో, ఇల్లు వదిలి తప్పిపోయి తిరిగొచ్చిన చిన్న కొడుకు కూడా ఒక ప్రార్థన తయారుచేసుకుని వచ్చాడు. 18, 19 వచనాల్లో దానికి మూడు భాగాలు: పాపం చేశాను, నీ కొడుకునని అనిపించుకోవడానికి తగను, నన్ను నీ కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో. 21వ వచనంలో తండ్రి ముందు నిలబడి చెప్పింది మొదటి రెండే. కూలి మాట నోట్లోనే ఉండిపోయింది. ఆలోగా తండ్రి ప్రశస్త వస్త్రం తెమ్మని కేక వేశాడు. దానికన్నా ముందు, 20వ వచనంలోనే, కొడుకు ఇంకా దూరంగా ఉండగానే పరుగెత్తి వచ్చి మెడ మీద పడి ముద్దు పెట్టుకున్నాడు. తెల్ల పేజీ పట్టుకుని 18-19 వచనాలనూ 21వ వచనాన్నీ పక్కపక్కన చదివి, ఏ ముక్క తగ్గిందో పిల్లలనే కనిపెట్టమనండి. పెద్ద పిల్లలు ఇట్టే పట్టుకుంటారు. జీతం కుదుర్చుకోవడానికి వచ్చినవాడికి వస్త్రం, ఉంగరం, చెప్పులు దొరికాయి.

అయితే నమ్మడం కూడా ఒక షరతే కదా అని ఎవరో ఒకరు అడుగుతారు. మంచి ప్రశ్న, తోసిపుచ్చొద్దు. ఇచ్చింది పుచ్చుకోవడానికి చెయ్యి చాచాలి. చాచిన చెయ్యి ఆ వస్తువుకు వెల కాదు. రోమా 4:4-5లో పౌలు పని చేసేవాడి జీతాన్ని ఒకవైపు, పని చేయక నమ్మేవాడిని ఇంకోవైపు పెట్టాడు. అదే అధ్యాయం 16లో ఇంకో అడుగు వేసి, వాగ్దానం కృపను బట్టి ఉండాలనే అది విశ్వాసం మీద ఆధారపడిందన్నాడు. నమ్మడం ఇంకో రకం పని అయి ఉంటే ఆ వాక్యానికి అర్థమే ఉండదు. ఆ విశ్వాసం కూడా దేవుడే పుట్టిస్తాడా, మనిషి స్వేచ్ఛగా ఇచ్చే జవాబా అన్నది పాత వాదం, దాన్ని పెద్దల క్లాసుకు వదిలేయండి.

ఆకుపచ్చ ఎదుగుదల. ప్రార్థన, వాక్యం, సంఘం, ఇతరులకు చెప్పడం. దీన్ని లోపలి పేజీగా కాక అట్టగా పెట్టినవాళ్లకు దండం పెట్టొచ్చు, రక్షణ కథ నాలుగు పేజీల్లో పూర్తయింది, ఎదుగుదల దాని బయట ఉంది. కానీ అట్ట కావడం వల్ల ఇంకో ఇబ్బంది వచ్చింది: పుస్తకం చేతిలోకి తీసుకోగానే మొదట కనిపించేది అదే! "ఇది ఏ రంగు?" అని అడిగి అక్కడే మొదలుపెట్టేవాళ్లూ ఉన్నారు. బయటికి తీసేముందే బంగారు పేజీ దగ్గర తెరిచి, అట్టను వెనక్కి మడిచి, రబ్బరు బ్యాండు వేసి ఉంచుకోండి.

అసలు నష్టం తెలుపు, ఆకుపచ్చ ఒకే ఊపులో చెప్పడంలో ఉంది. "యేసు నిన్ను కడిగాడు, ఇక రోజూ బైబిలు చదవాలి, ప్రార్థన చేయాలి, అబద్ధాలాడకూడదు." విన్నవాళ్లకు చివరిగా చెప్పింది గుర్తుంటుంది, చివరిగా చెప్పింది మూడు పనులు. ఎఫెసీ 2:8-10ని పక్కన పెట్టుకుంటే ఈ జారుడు ఆగుతుంది. తెలుగు విభక్తులు ఇక్కడ బాగా అక్కరకొస్తాయి. 9వ వచనంలో "క్రియలవలన కలిగినది కాదు". 10వ వచనంలో "సత్క్రియలు చేయుటకై". వలన అంటే కారణం, కై అంటే ఉద్దేశం. మంచి పనుల వలన రక్షణ రాలేదు, మంచి పనుల కోసం రక్షించాడు. ప్రత్యయం ఒక్కటి తారుమారైతే సువార్త తారుమారవుతుంది. 8, 9 వచనాలు తెల్ల పేజీ దగ్గర చదవండి, 10ని ఆకుపచ్చ దగ్గర. వీలైతే ఆకుపచ్చను ఇంకో రోజుకు వాయిదా వేయండి, పోయేదేమీ లేదు.

పుస్తకంలో బాప్తిస్మానికి, ప్రభువు బల్లకు (రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆరాధన) చోటు లేదు. స్పర్జన్ బాప్టిస్టు, ఆ తర్వాత దీన్ని పెంచి పోషించినవాళ్లు ఎక్కువగా ఇవాంజెలికల్ వర్గాలవాళ్లు, కాబట్టి ఆశ్చర్యమేమీ లేదు. లూథరన్, కాథలిక్ టీచర్లు వాడితే ఆ ముక్క నోటితో చేర్చుకోవాలి, దానికి తెల్ల పేజీ సరైన చోటు. కృప విషయంలో మాత్రం అంత దూరం లేదు. కాథలిక్ సంఘం, లూథరన్ ప్రపంచ సమాఖ్య 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో సంతకం చేసిన ఉమ్మడి ప్రకటన, మన యోగ్యత ఏదీ లేకుండా కృప చేతనే, క్రీస్తు రక్షణ కార్యం మీది విశ్వాసంతో దేవుడు మనల్ని అంగీకరిస్తాడని అంటుంది. 2006లో మెథడిస్టులు కూడా అందులో చేరారు. బంగారం నుంచి తెలుపు దాకా ఎవరైనా నిశ్చింతగా తిప్పొచ్చు.

ఇదే రంగుల పూసలతో చేతికి కట్టుకునే తాడు కూడా వాడుతుంటారు. పిల్లలకు ఇష్టం, ఇంటికి తీసుకెళతారు. కానీ కట్టుకున్నాక అది చక్రమైపోతుంది, మొదలేదో చివరేదో తెలియదు. నలుపు దగ్గర మొదలెట్టినా, ఆకుపచ్చ తర్వాత బంగారం అని చదివి "బాగా ఎదిగితే పరలోకం" అని చెప్పుకున్నా పూసలు అడ్డు చెప్పవు. బంగారు పూసకు ముందు రెండు ముడులు, ఆకుపచ్చ తర్వాత ఒక ముడి వేయండి, మొదలు ఎక్కడో చేతికి తెలుస్తుంది. తెలుపుకూ ఆకుపచ్చకూ మధ్య ఒక వేలెడు ఖాళీ తాడు వదిలితే ఇంకా మంచిది. ఫోన్లో వేలితో జరిపే రంగుల పేజీలు ఒకరిద్దరికి పర్వాలేదు, గుంపుకు పనికిరావు. ఇరవై మందికి మించితే 10 సెంటీమీటర్ల పుస్తకమూ చాలదు, 30 సెంటీమీటర్ల బట్ట పేజీలు కుట్టుకోవాలి.

చెప్పింది చేరిందో లేదో తెలుసుకోవడానికి ఆ రోజే పరీక్షించకండి, పిల్లలు మీ మాటలే మీకు అప్పజెబుతారు. వారం ఆగండి. మూసిన పుస్తకం వాళ్ల చేతికిచ్చి తిప్పుతూ చెప్పమనండి. రంగులు వరసగా చెప్పారా లేదా అన్నది పట్టించుకోకండి, వాక్యానికి కర్త ఎవరో వినండి. "దేవుడు ప్రేమించాడు, యేసు చనిపోయాడు, లేచాడు, నన్ను కడిగాడు" అని వస్తే పుస్తకం పని చేసింది. "మనం మంచిగా ఉంటే" అని మొదలైతే ఆకుపచ్చను కొన్ని వారాలు పక్కన పెట్టండి. సరిచేయడానికి నేరుగా తెలుపు దగ్గరికి వెళ్లకండి, బంగారం దగ్గరికి వెళ్లండి. అప్పటికే వాళ్లు అక్కడ షరతు ఒకటి విని ఉంటారు, మీరు చెప్పకపోయినా.